గూడబాతు బొమ్మలో కన్ను

ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. తాడేపల్లిగూడెంలో బుచ్చిబాబు ఫ్లెక్స్ షాపు షట్టరు ఇంకా సగమే లేచింది. విజిటింగ్ కార్డులు కావాలంటూ వచ్చిన పెద్దమనిషి నవ్వుతూ చెయ్యి కలిపి వెళ్ళిపోయాడు. అతని ఉంగరానికి సూది ఉందన్న సంగతి, అరచెయ్యి మొద్దుబారాక గాని బుచ్చిబాబుకి తెలియలేదు.

అరుద్దామంటే గొంతు పెగల్లేదు. ఎడమచేత్తో మౌస్ పట్టుకుని ఒక ఫైలు మెయిల్‌కి తగిలించాడు. కింద మూడు ముక్కలు టైపు చేశాడు. సెండ్ నొక్కాక తల కీబోర్డు మీద వాలిపోయింది.

ఆ మెయిల్ ఏలూరులో ఫర్జానాకి చేరింది. ఊళ్ళో వాళ్ళకి ఆమె పెళ్ళికార్డులు డిజైన్ చేసే మనిషి. ఢిల్లీలో ఒక గదిలోని నలుగురికి మాత్రం ఏజెంట్ నైన్. కార్డుల పని పదేళ్ళ కిందట ఆమెకి నేర్పినవాడు బుచ్చిబాబే. ఏజెంట్ పని సంగతి అతనికి గత ఏడాదే తెలిసింది. తెలిసినా ఎవరికీ చెప్పలేదు.

ఎనిమిదింటికి ఫోన్ మోగింది.

"వడియాలు ఎండాయా అమ్మా?"

"ఇంకా తడి ఆరలేదండి." లైన్ సేఫ్ అని దానర్థం.

అవతలి గొంతు సుబ్బరామయ్యది. వీధిలో రిటైర్డ్ లెక్చరర్, డ్యూటీలో ఆమె చీఫ్. ఆయన మాట తడబడగా ఫర్జానా అంతవరకూ వినలేదు.

"బుచ్చిబాబు పోయాడమ్మా."

ఆమె కుర్చీలో కూలబడింది. ఏడవడానికి ఆయన వ్యవధి ఇవ్వలేదు.

"మన సోనార్ సైంటిస్టులు ఆరుగురు కొల్లేట్లో ఉన్నారు. సీక్రెట్ ట్రయల్. ఫోన్లు ఒడ్డునే వదిలేశారు. వైర్‌లెస్ పలకడం లేదు. సరిగ్గా పదింటికి సోనార్ ఆన్ చేస్తారు. ఆ శబ్దం వింటే పేలే బాంబు ఒకటి నీళ్ళలో ఉందని కబురు. నేవీ హెలికాప్టర్ వచ్చేసరికి పదిన్నర అవుతుంది."

"బాంబు ఎక్కడుందండి?"

"అదే తెలీదు. దాన్ని పెట్టిన విదేశీ ముఠా వాళ్ళు ఒకళ్ళకొకళ్ళు ఫోన్లు చేసుకోరు. ఫ్లెక్సుల మీద బొమ్మల్లో చోటు చెప్పుకుంటారు. ఆఖరి బొమ్మ బుచ్చిబాబు చేత వేయించారు. హైదరాబాదు నుంచి శ్రీవిద్య వచ్చింది, ఆ ట్రయల్‌కి వైర్‌లెస్ చూసేది తనే. కారు మీ సందు చివర ఉంది."

తొమ్మిదీ ఇరవైకి పడవ కొల్లేట్లో ఉంది. ఇంజను దగ్గర ఏడుకొండలు. అరవై ఏళ్ళు ఆ నీళ్ళలోనే బతికినవాడు. మధ్యలో ఫర్జానా, ఒళ్ళో లాప్‌టాప్. పక్కన శ్రీవిద్య. తెల్ల సిల్కు చొక్కా, నల్లకళ్ళద్దాలు, చెదరని లిప్‌స్టిక్. గుర్రపుడెక్క పడవని అడుగడుగునా పట్టుకుంటోంది. లాప్‌టాప్ బ్యాటరీ పదకొండు శాతం.

"కనిపించిందా?" అంది శ్రీవిద్య.

"చూస్తున్నానండి."

తెర మీద పక్షుల పండగ లోగో. రెక్క విప్పిన గూడబాతు, ఒళ్ళంతా విల్లులా వంగి ఉంది. కింద బుచ్చిబాబు ఆఖరి మాటలు: కొల్లేరు. వెల్డ్ చెయ్యలేదు. వంపు 38.

ఆకారాలన్నిట్నీ వెల్డ్ చేస్తే ఒకే ముద్దవుతాయి, లోపలి గీతలు మాయమవుతాయి, మళ్ళీ రావు. కంబైన్ చేస్తే మాత్రం పైకి ఒకటిగా కనిపించినా ఎప్పుడు కావాలంటే అప్పుడు విడదీసుకోవచ్చు. వెల్డ్ చెయ్యమనే ముఠా ఆర్డరు. అనుమానం వచ్చి అతను ఒక కాపీ కంబైన్ చేసి దాచాడు. ఆ కాపీ కోసమే చచ్చిపోయాడు.

ఫర్జానా బ్రేక్ అపార్ట్ నొక్కింది. గూడబాతు ముక్కలైంది. రెక్క త్రిభుజం, పొట్ట వృత్తం, వాటి మధ్య ముక్కు నుంచి తోక దాకా ఒక పొడుగాటి సన్నని పట్టీ. పట్టీ మీద చుక్కలా కన్ను.

"ఏడుకొండలు గారూ, ఇక్కడ పక్షుల్ని చూసే మంచెలు ఎన్నండీ?"

"రెండేనండి. ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి."

బొమ్మని శాటిలైట్ మ్యాపు మీద పరిస్తే పట్టీ రెండు కొనలూ ఆ రెండు మంచెల మీద కూర్చున్నాయి. ఇక వంపు తీసేస్తే కన్ను ఎక్కడ ఉంటే అక్కడ బాంబు. ముఠా చెప్పినట్టు బుచ్చిబాబు పడమటికి ముప్పై ఎనిమిది వంచాడు, కాబట్టి మైనస్ ముప్పై ఎనిమిది. ఆ అంకె కొట్టిందో లేదో పడవ డెక్కలో ఇరుక్కుని ఊగింది. ఫర్జానా లేచి తెడ్డుతో డెక్క తోసి వచ్చింది.

"ఓకే నొక్కేశాను," అంది శ్రీవిద్య. "టైమ్ లేదు కదా."

కన్ను పడమటి గట్టు దగ్గరకి జరిగి ఉంది.

"పడమటికి పోనివ్వండి, తొందరగా."

ఏడుకొండలు ఇంజను తగ్గించాడు. "అటు చుక్క నీళ్ళు లేవండి. మార్చి నుంచీ ఎండి నెర్రెలిచ్చేసింది. సైంటిస్టుల పడవైనా అటెలా పోద్దండి?"

తొమ్మిదీ నలభై రెండు. ఫర్జానా తెర వైపు చూసింది. వంపు గడిలో ప్లస్ ముప్పై ఎనిమిది. వంపు పోలేదు, రెట్టింపైంది. ఆ గడిని ఆమె తప్ప ముట్టుకున్నది ఒక్కరే.

ఆమె తల తిప్పేసరికి శ్రీవిద్య చేతిలో చిన్న పిస్టల్ ఉంది.

"వైర్‌లెస్ పాడవలేదన్నమాట," అంది ఫర్జానా.

"నేనే ఆపేశాను. మీ మీద నాకు కోపం లేదండీ. పద్దెనిమిది నిమిషాలు కదలకుండా కూర్చోండి, చాలు."

ఏడుకొండలు చుక్కాని ఒక్కసారిగా పక్కకి తోశాడు. పడవ ఒరిగింది. తూటా ఆకాశంలోకి పోయింది. శ్రీవిద్య పిస్టల్ జారవిడిచి, వెనక్కి విరుచుకుపడి నడుంలోతు బురదలో దిగబడింది. లాప్‌టాప్ కూడా జారిపడి మునిగిపోయింది.

మ్యాపు లేదు, బొమ్మ లేదు. ఫోన్‌కి సిగ్నల్ లేదు. ఆరుగురు మనుషులు. బుచ్చిబాబు ప్రాణం పెట్టి పంపిన ఫైలు బురదలో ఉంది.

ఫర్జానా కళ్ళు మూసుకుంది. బొమ్మ మనసులో నిలిచింది. వంపు కొనల్ని కదపదు, నడుముని మాత్రమే జరుపుతుంది. తప్పు అంకెకి కన్ను పడమటికి ఎంత జరిగిందో, సరైన అంకెకి మొదటి చోటు నుంచి తూర్పుకి అంతే జరగాలి. పడవ అడుగున శ్రీవిద్య లిప్‌స్టిక్ పడి ఉంది. అది తీసి చెక్క మీద గీసింది. రెండు మంచెలు. మొదటి కన్ను. తప్పు కన్ను. జానతో కొలిచి, అంతే దూరంలో తూర్పున చుక్క పెట్టింది.

"ఇక్కడేముందండీ?"

ఏడుకొండలు వంగి చూశాడు. "పెద్ద కాలవండి. ఆ నడిమధ్య వెదురు గెడలు పాతి ఎవరో కొత్తగా చేపల బుట్ట కట్టారు. మా వాళ్ళెవరూ కట్టలేదని మొన్ననే అనుకున్నాం."

"పోనివ్వండి."

బురదలో కదల్లేని శ్రీవిద్యని అక్కడే వదిలేశారు. ఇంజను గొంతు చించుకుంది. తొమ్మిదీ యాభై ఏడుకి గెడలు కనిపించాయి. వాటికవతల మలుపు తిరిగి సైంటిస్టుల తెల్లపడవ వస్తోంది. ఫర్జానా లేచి చున్నీ ఊపింది, అరిచింది. వాళ్ళు హెడ్‌ఫోన్లు పెట్టుకుని తెరల మీదకి వంగి ఉన్నారు. ఎవరూ తలెత్తలేదు.

ఆమె నీళ్ళలోకి దూకింది. బుట్ట పైకి లాగింది. చేపలకు బదులు నల్లటి డబ్బా. దాని అడుగున కోడిగుడ్డంత గుండ్రటి మైకు, బాంబుకి చెవి అదే. దానికి ఒక్క వైరు. వేళ్ళతో లాగితే తెగలేదు. పళ్ళతో కొరికితే జారిపోయింది.

"అమ్మాయి గారూ, ఇదుగోండి." వలలు కోసే కత్తి ఏడుకొండలు చేతిలోంచి ఆమె చేతిలోకి వచ్చింది.

తెల్లపడవ మీద ఎవరో "ఆన్" అన్నారు.

వైరు తెగింది. నీటి అడుగు నుంచి సన్నటి శబ్దం ఆమె మోకాళ్ళని తాకుతూ వెళ్ళిపోయింది. డబ్బా మీద ఎర్ర దీపం ఒకసారి వెలిగి ఆరిపోయింది. ఇంకేమీ కాలేదు.

ఏడుకొండలు డబ్బాతో సహా ఆమెని రెక్క పట్టుకుని పైకి లాగాడు. పడవలో పడ్డాక గాని ఆమెకి ఏడుపు రాలేదు. బుచ్చిబాబు పేరు రెండుసార్లు పలికింది. ముసలాయన ఎవరని అడగలేదు. తువ్వాలు ఇచ్చి అటు తిరిగి కూర్చున్నాడు.

తెల్లపడవ పక్కకి వచ్చింది. నెరిసిన జుట్టు పెద్దాయన ఒకరు హెడ్‌ఫోన్లు తీసి చిరాగ్గా చూశారు.

"ఏవమ్మా, అంత స్పీడుగా పడవ తోలితే ఎలా? పక్షులు బెదిరిపోవూ? కాస్త బాధ్యత ఉండాలి."

"అలాగేనండీ, తప్పయిపోయింది," అంది ఫర్జానా, పేలని బాంబుని ఒళ్ళో సర్దుకుంటూ.