పెన్‌డ్రైవ్‌లో వచ్చిన అక్షరాలు

పరుగు!

భుజాన లాప్‌టాప్ సంచితో భార్గవి వరహాలమ్మ చెయ్యి పట్టుకుని కంచిలి కొబ్బరితోటలోకి లాక్కుపోతోంది. వెనక ఇంటి తలుపు విరిగిన చప్పుడు...

పొద్దు వాలుతోంది.

వరహాలమ్మ బారువలో ఎండుచేపలు అమ్ముకునే మనిషి. తన కొడుకుని ధనరాజు చంపుతుంటే కళ్లారా చూసింది. రేపు కోర్టులో ఆ సాక్ష్యం చెప్పాలి. భార్గవి ఆమె లాయరు. దాక్కున్న ఇల్లు వాళ్లిద్దరికే తెలుసు.

మరి వాడికెలా తెలిసింది?

ఫోన్. ధనరాజు!

"'నువ్వు తెచ్చిన జీడిపప్పు పకోడీ సగం నేనే దొంగతనంగా తినేశాను బంగారం'... మీ ఆయనకి బాగా రాసినావు లాయరమ్మా."



పెళ్లయి నెల. ఆ ఉత్తరం ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. భర్త పుట్టినరోజు కోసం లాప్‌టాప్‌లో టైప్ చేసి దాచుకుంది.

అంటే... లాప్‌టాప్!

పోలీసు రక్షణ కోరే పిటిషన్ కూడా అందులోనే ఉంది. ఇంకా ఎక్కడా ఇవ్వలేదు. కానీ ఆ ఇంటి అడ్రసు టైప్ చేసింది!

తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ కొనలేదు. టెక్కలిలో టైపిస్టు కూర్మారావు నెల కిందట పెన్‌డ్రైవ్‌లో దొంగ కాపీ ఇచ్చాడు. యాంటీవైరస్ ఆపితేనే ఎక్కుతుందని, అందరూ అలాగే వాడుతున్నారని చెప్పాడు. ఆపింది. మళ్లీ ఆన్ చెయ్యలేదు.

తను కొట్టే ప్రతి అక్షరం దాంట్లోంచి ధనరాజుకి చేరుతోంది. నెల రోజులుగా ఆ వెధవ తన వేళ్ల మీద పాకుతున్నాడు!

ఛీ... అరచేతులు చున్నీకి తుడుచుకుంది. అసహ్యం పోలేదు.

చదువుతున్నావా? అయితే ఇదీ చదువు.

పంపుసెట్టు గది గోడకి చేరగిలబడి లాప్‌టాప్ తెరిచింది. ఫోన్ నుంచి నెట్ ఇచ్చి టైప్ చేసింది.

'వరహాలమ్మను బారువ పంపేశాను. రేవు దగ్గర పడవల షెడ్డులో ఉంది.'

ఒక నిమిషం... రెండు...

తోట బయట జీపు స్టార్టయింది. చప్పుడు దూరమైంది.

వరహాలమ్మ ఆమె భుజం పట్టుకుని వంగి తెరలోకి చూసింది.

"ఎల్లిపోనారేటమ్మా?"

"వెళ్లిపోయారు."

అప్పుడు చూసింది భార్గవి. తెర పైన చిన్న ఆకుపచ్చ లైటు.

కెమెరా తను ఆన్ చెయ్యలేదు!

ఫోన్.

"జీపే ఎల్లింది లాయరమ్మా. నేను ఎల్లనేదు. ముసల్ది బాగానే కనపడతంది. ఎనక గోడ మీద గోపాలరావు తోట అని రాసుంది గదా... అది కూడా సదివాను."

లాప్‌టాప్ మూత ఫట్‌మని మూసింది.

ఢాం! తుపాకీ పేలింది.

భుజం మీద వరహాలమ్మ చెయ్యి బరువెక్కింది... జారిపోయింది.