వంతెన కింద నలుగురు

మధ్యాహ్నం సైరను మోగేసరికి మంగవేణి నడతముద్ర సగం ఓడ నింపేసింది. మంగవేణి మాత్రం క్రేను గదిలో కుర్చీకి చేరగిలబడి, విప్పని క్యారేజీ ఒళ్లో పెట్టుకుని, శత్రువుల ఫిరంగులు ఎటు తిరిగి ఉన్నాయో చూసుకుంటోంది.

ఫిరంగులు కొత్తరేవులో లేవు. ఆమె ఎదుట వెలుగుతున్న ఆటపలకలో ఉన్నాయి. రేవులో యుద్ధం లేదు సరికదా, గట్టిగా కేక వేసే మనిషి కూడా లేడు. ప్రతి క్రేనులో ఒక మనిషి కూర్చుని తీరాలని చట్టం. ఆ మనిషిని సాక్షి అంటారు. పని చేసేది ముద్ర, చూస్తూ కూర్చునేది సాక్షి. ముప్పయ్యేళ్లు క్రేను నడిపిన చేతులకు ఇప్పుడు ఆటపలక తప్ప వేరే పని లేదు.

నడతముద్ర అంటే చెవి వెనక అతికించే గోరంత బిళ్ల. ఏ సందర్భంలో మనం ఏం చేస్తామో, ఏ మాట అంటామో, ఎక్కడ తటపటాయిస్తామో అన్నీ నేర్చుకుని, తర్వాత మన బదులు అదే చేసేస్తుంది. మనిషికి ఒక్కటే ముద్ర. ఇంటికీ, పనికీ, ఆటకీ అదే. జనం పెళ్లి పలకరింపులకు, బ్యాంకు తగాదాలకు, అత్తగారి ఫోన్లకు ముద్రల్నే పంపుతున్నారు. పలకరింపులకు లోటేమీ రాలేదు, పలకరించే మనుషులే కరువయ్యారు. ముద్ర మాట్లాడబోయే ముందు చిరుగంట ఒకటి మోగాలని నియమం. మొదట్లో ఆ గంట వింటే ఎదుటివాళ్లు నొచ్చుకునేవారు. ఇప్పుడది ఎవరి చెవికీ ఎక్కడం లేదు.

వారానికి ఒక పూటైనా మనిషి తన పనులు తానే చేసుకుని ముద్రకు చూపించాలి. దాన్ని తడుపు అంటారు. తడుపు లేకపోతే ముద్ర ఎండిపోతుందని తయారుచేసినవాళ్లు ముందే హెచ్చరించారు. ఎండిపోయిన ముద్ర ఏం చేస్తుందో మాత్రం చెప్పలేదు, ఎందుకంటే వాళ్లకీ తెలియదు.

ఆట పేరు ఉక్కుదండు. మేడంత ఎత్తు మరభటులు, గళ్లు గీసిన యుద్ధభూమి, వంతులవారీగా కదలికలు. ఒకప్పుడు ఇదే రేవులో నలుగురు క్రేనువాళ్లు టీ తాగే వేళ సరదాకి మొదలుపెట్టారు. మంగవేణి మరభటుడి పేరు తాబేలు. వీపున పెద్ద డాలు ఉంటుంది, నడక నిదానం. సన్యాసిరావుది చిరుత. మిగతా ఇద్దరివీ కొంగ, దున్న. చివరి దండయాత్ర మాత్రం ముద్రలకు వదలకుండా నలుగురం పక్కపక్కన కూర్చుని ఆడదామని నలుగురూ ఒట్టు పెట్టుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే వేరే పనుల్లో పడిపోయారు. ఆటలో వాళ్ల చోటున ముద్రలు మిగిలాయి.

ఆట అంతు చూసేస్తే ఆ ఒట్టు కూడా పోతుందని మంగవేణి ఏళ్ల తరబడి పాత దండయాత్రలే తిప్పితిప్పి ఆడింది. ఆడుతున్నంతసేపూ జట్టుతో మాట్లాడేది. ముద్రలు ఆటలో బదులు చెప్పవని తెలుసు. అయినా వంతు వంతుకీ, "ఏటి తినీసేరా? మజ్జిగన్నం కూడా తిన్నారా, సగంలో లేచిపోయేరా?" అని అడిగేది. అది ఆమెకు క్రేను రోజుల అలవాటు. సైరను మోగగానే మజ్జిగ పోసుకోకుండా లేచిపోయే కుర్రాళ్లను అలాగే గదమాయించేది. అదే మాట ఆమెను అడిగేవాళ్లు మాత్రం ఎవరూ లేరు. భర్త పోయాడు, పిల్లలు లేరు, పక్కింటావిడ ముద్ర రోజూ నమస్కారం పెడుతుంది.

చివరికి విసుగెత్తి, ఈ నెలలో ముందుకే ఆడింది. ఇప్పుడు ఎదుట ఉన్నది చివరిదానికి ముందు దండయాత్ర. ఉప్పుటేటి మీద ఎత్తుడు వంతెన ఉంది. దాని తాళ్లు తెగిపోయాయి. ఎవరో ఒకరు కిందికి దిగి దాన్ని భుజాన మోస్తే మిగతావాళ్లు దాటవచ్చు. మోసినవాడు మాత్రం వెనకనుంచి వచ్చే శత్రువులకు చిక్కి నాశనమైపోతాడు. ఉక్కుదండులో పోయిన మరభటుడు మళ్లీ రాడు. ఆ ఆటలో అతని ముద్ర నేర్చినదంతా కూడా అతనితోనే చెరిగిపోతుంది.

మంగవేణి తాబేలును ఒక గడి జరిపి ఆపింది. చిరుత వంతు వచ్చింది. సన్యాసిరావు ముద్ర ఏం చేస్తుందో ఆమెకు కళ్లు మూసుకున్నా తెలుసు. ముందూ వెనకా చూడకుండా ఒక్క పరుగున వంతెన మీదికి దూకుతుంది.

చిరుత ఒకే ఒక్క గడి ముందుకు వేసి ఆగిపోయింది.

మంగవేణి పలక మీదికి వంగింది. అది ఆగడం కాదు, జానెడు ఆపు. బరువు ఎత్తేటప్పుడు ముందు జానెడు లేపి, తాడు ఎలా బిగుస్తోందో ఒక్క క్షణం చూసి, అప్పుడు పైకి లాగాలి. క్రేనువాళ్లకు మొదటిరోజు చెప్పే పాఠం అది. సన్యాసిరావు దాన్ని ఏనాడూ పాటించలేదు. "అప్పా, నువ్వు జానెడు లేపి సూసేలోగా నాను రెండు పెట్టెలు దింపీసి బీడీ కాల్చుకుంటాను" అని, అక్క వరస పెట్టి పిలుస్తూనే వెక్కిరించేవాడు. తిట్లూ తినేవాడు.

ముద్ర తనంతట తాను మారదని అందరికీ తెలిసిన విషయం. మరైతే ఇది ముద్ర కాదు, మనిషే. సన్యాసి స్వయంగా వచ్చి కూర్చున్నాడు, తనను ఆటపట్టిస్తున్నాడు.

"సన్యాసీ! వచ్చీసేవురా?" అంది మంగవేణి పలకతో. కళ్లలో నీళ్లు తిరిగాయి. అంత సంతోషం కలిగి ఎన్నేళ్లయిందో ఆమెకే గుర్తులేదు. వెంటనే ఆటను నిలిపి అతని ఇంటికి ఫోను కలిపింది.

ఎత్తింది అతని భార్య నూకరత్నం. చిరుగంట మోగలేదు.

"వదినా! ఎన్నాళ్లకి! ఆయనా? ఆయన ఇంట్లో ఎక్కడున్నారు? సంద్రం అడుగున గనుల్లోకెళ్లి మూడేళ్లు దాటలేదేటి. పనవగానే పడి తొంగుంటారంట. ఇంటికి ముద్రే ఫోను సేస్తాది."

"మరి ఆట... ఉక్కుదండు ఆడతన్నాడా అక్కడ?"

"ఆటా? అదింకా ఉందా?" నూకరత్నం నవ్వింది. "ఆయనకి తడుపుకే తీరదు వదినా, ఆటలకి తీరుతాదా?"

మంగవేణి ఫోను పెట్టేయబోయింది. నూకరత్నానికి మాత్రం మాట్లాడే మనిషి దొరికింది.

"కానీ వదినా, నీకు సెప్పకపోతే ఎవులికి సెప్తాను. ఆయన ఎంత మారిపోయేరో తెలుసా? ఇంట్లో ఉన్నన్నాళ్లూ నాకు పెట్టీ, నాకు తెచ్చీ అనడమే గానీ నువ్వు తిన్నావా అని ఒక్కనాడు అడగలేదు. ఇప్పుడు రోజూ మధ్యాన్నం ఫోను సేసి, తినీసేవా, మజ్జిగన్నం కూడా తిన్నావా, సగంలో లేచిపోయేవా అని అడుగుతారు. దూరమెళ్తే గానీ పెళ్లాం విలువ తెలీదు కావాల. ముద్రయితే ఏటి, ఆయన మనసులో లేనిది ముద్రకెక్కడిది? ఆ ఫోను కోసమే నాను పొద్దున్న లేస్తన్నాను వదినా."

సన్యాసిరావు మజ్జిగ ముట్టడు. వాసన పడదంటూ పక్కవాళ్ల క్యారేజీలను కూడా దూరం జరిపేవాడు.

మంగవేణి ఏదో ఒకటి అని ఫోను పెట్టేసింది. తడుపు లేక ఎండిపోయిన ముద్ర, పక్కన ఎవరుంటే వాళ్లను పీల్చుకుంది. మూడేళ్లుగా దాని పక్కన ఉన్నది తాను ఒక్కతే. తాను ఖాళీ గదిలో అనుకున్న మాటలు మరొకరి ఇంట్లో మొగుడి గొంతుతో వినపడుతున్నాయి. ఇన్నాళ్లూ జట్టుతో ఆడుతున్నానని అనుకుంది. తనతో తనే ఆడుకుంది. ఇంతకన్నా ఒంటరితనం ఇంకేముంటుందని ఆమెకు ఏడుపొచ్చింది.

ఏడ్చి, ముక్కు తుడుచుకుని, ఆట మళ్లీ కదిలించింది.

చిరుత మెల్లగా దిగి వంతెన కింద భుజం పెట్టింది. మంగవేణి ఉలిక్కిపడింది. అది అక్కడే ఉండిపోతే ఇక తిరిగి రాదు. అది నేర్చినదంతా చెరిగిపోతే, రేపు మధ్యాహ్నం నూకరత్నానికి ఫోను వస్తుంది గానీ తినీసేవా అన్న మాట రాదు. తర్వాత కొంగ కూడా ఒక గడి వేసి, ఆగి, వంతెన కిందికే దిగింది. దాని వెనకే దున్న. అందరూ వెనక ఉండి మోసేవాళ్లే, ముందు దాటేవాళ్లు ఒక్కరూ లేరు. ఖాళీ వంతెనను ముగ్గురు మహాకాయులు మోస్తూ, ఎవరైనా దాటుతారేమోనని నాలుగోవాడి వైపు తలలు తిప్పి చూస్తున్నారు. నలుగురూ తనే అయినప్పుడు ఇంకేమవుతుంది? మరో సమయంలో అయితే మంగవేణి పగలబడి నవ్వేదే.

తాను మోస్తే మిగతావాళ్లు దాటుతారని తాబేలును కూడా కిందికి దింపి, డాలు వాళ్లకు అడ్డుపెట్టింది. వాళ్లు కదల్లేదు. శత్రువులు రెండు వంతుల దూరంలో ఉన్నారు. ఆటలో ఆమె కదిలించగలిగింది తాబేలును ఒక్కదాన్నే. మిగతావాళ్లు వాళ్ల ఇష్టప్రకారం నడుస్తారు. ఆ ఇష్టం ఏమిటో ఆమెకు తెలియనిది కాదు. బతిమాలితే వినరు. తను ఎప్పుడు విన్నది? బరువు వదిలి వెళ్లిపొమ్మంటే తను దేనికోసం వెళ్తుంది?

ఎవరికైనా దెబ్బ తగిలితే వెళ్తుంది. పని మధ్యలో ఉన్నా సరే, పడ్డవాణ్ణి ఎత్తుకుని పరిగెడుతుంది.

ఆమె తాబేలు డాలును కొంగ మీదనుంచి పక్కకు తీసింది. శత్రువుల గుండు వచ్చి కొంగ కాలు విరిచింది. ఉక్కుదండులో కూలిన మరభటుణ్ణి మోయడానికి ఇద్దరు కావాలి. చిరుత ఒక్క వంతు ఆగింది. తాబేలు వైపు చూసింది. తర్వాత కొంగ రెక్క కింద ఒకవైపు చెయ్యి వేసింది. రెండోవైపు దున్న పట్టుకుంది. ముగ్గురూ కలిసి వంతెన ఎక్కారు.

బరువంతా తాబేలు మీద పడింది. మంగవేణి దాన్ని ముందు జానెడు లేపి, ఆగి, అప్పుడు పూర్తిగా ఎత్తింది.

వాళ్లు అవతలి గట్టు చేరేదాకా తాబేలు నిలబడింది. తర్వాత ఫిరంగులు పేలాయి. పలక మీద తాబేలు బొమ్మ బూడిదరంగుకు తిరిగి మాయమైంది. మంగవేణికి ఇక ఈ ఆటలో చోటు లేదని ఒక వాక్యం మర్యాదగా కనిపించింది. చివరి దండయాత్ర ఆ ముగ్గురూ ఆమె లేకుండానే ఆడుకుంటారు.

మర్నాడు మధ్యాహ్నం పలక ముందు ఏం చేయాలో తోచలేదు. సైరను మోగింది. ఒళ్లో క్యారేజీ అలాగే ఉంది. మనసంతా నూకరత్నం ఫోను మీదే ఉంది. ఆ మాట వచ్చిందా, పోయిందా? అడగాలంటే ఎలా అడుగుతుంది?

అడగక్కర్లేకపోయింది. ఫోను మోగింది. చిరుగంట లేదు, నూకరత్నమే.

"వదినా, నిన్న నువ్వు మాటాడితే మనసు బాగున్నాది. మరోపాలి మాటాడాలనిపించింది. ఇప్పుడే ఆయన ఫోను సేసేరు. రోజూ లాగే అడిగేరు."

అమ్మయ్య అనుకుంది మంగవేణి. ఆ తేలికదనంలో ఆమెకు ఒళ్లు తెలియలేదు. ఎవరితో మాట్లాడుతోందో కూడా చూసుకోకుండా, ఎన్నేళ్లుగానో నోటికి అలవాటైన మాట దానంతటదే వచ్చేసింది.

"తినీసేవా మరి? మజ్జిగన్నం కూడా తిన్నావా, సగంలో లేచిపోయేవా?"

లైను తెగిందేమోనని మంగవేణి ఫోను వైపు చూసింది. తెగలేదు. అప్పుడు అర్థమైంది ఏం చేసిందో. వంతెన మీద అంత జాగ్రత్తగా దాటించినదాన్ని ఒక్క మాటతో తనే ముంచేసింది.

"వదినా," అంది నూకరత్నం. గొంతు చిన్నదైపోయింది. "ఆ మాట నీదా?"

మంగవేణి అబద్ధం వెతికింది. దొరకలేదు.

"నాదేనమ్మా. ఆటలో అనుకునేదాన్ని. మీ ఆయన ముద్ర ఇన్నది."

"అయితే మా ఆయన నాతోటి మాటాడి ఎన్నాళ్లయినట్టు?"

మంగవేణి తల పక్కకు తిప్పుకుంది. గాజు కిటికీ అవతల ఆమె ముద్ర ఒక పెట్టెను జానెడు లేపి, ఆగి, పైకి తీసుకుపోయింది. ఫోనులో ఏడుపు వినపడుతూనే ఉంది. పెట్టేయమని మంగవేణి అనలేదు, నూకరత్నం పెట్టేయలేదు.

ఏడుపు తగ్గాక నూకరత్నం ముక్కు చీదిన చప్పుడైంది.

"నువ్వు తినీసేవా వదినా?"

మంగవేణి ఒళ్లోని క్యారేజీ వైపు చూసుకుంది.

"లేదమ్మా," అంది. "ఇంకా తినలేదు."