బోరు షెడ్డులో మూడు వైర్లు

ఉదయం 6:20. పెనుకొండ దగ్గర తన బోరు షెడ్డులోనే రైతు శంకరప్ప శవమై కనిపించాడు. తల వెనక ఒకే దెబ్బ. మోటారు రాగి కేబుల్ మాయం. మొదట చూసింది భార్య ఈరక్క.

అది 2008 జూన్. గోరంట్ల దారి పొడుగునా కేబుళ్లు పోతున్న రోజులు. అందుకే కొడుకు గిరి షెడ్డు గుమ్మానికి ఇన్‌ఫ్రారెడ్ కిరణాల కాపలా పెట్టాడు. ఎవరు దాటినా మైక్రోకంట్రోలర్ బోర్డుకు తెలుస్తుంది. బయటి గోడ మీది మూడు వైర్ల ద్వారా అది కెమెరాను క్లిక్ మనిపిస్తుంది.

చివరి ఫొటో రాత్రి 9:14. శంకరప్ప కాపలా పడుకోవడానికి లోపలికి వెళ్తున్నాడు. ఆ తర్వాత ఒక్కటీ లేదు.

"బోర్డు బాగుందా?" అడిగింది ఇన్‌స్పెక్టర్ హేమావతి.

"బాగుండాది మేడం," అన్నాడు గిరి.

"బ్యాటరీ?"

"నిండుగా ఉండాది."

"మరి హంతకుడి ఫొటో ఏది?"

గిరి కెమెరాలో ఫొటోలు మళ్లీ వెనక్కి తిప్పి చూశాడు.

"దాన్ని ఆపేది కట్టినోడికే తెలుస్తాది మేడం," అన్నాడు మోటారు మెకానిక్ తిమ్మరాజు. ఊళ్లో కేబుల్ పోయినప్పుడల్లా కొత్తది బిగించేది అతనే.

పొలం అమ్ముదామని కొడుకు, ససేమిరా అని తండ్రి. ఊరంతా గిరినే వేలెత్తి చూపింది. అరెస్టు చేయమని 11:30కి పైనుంచి ఫోనొచ్చింది.

"మొగుడు పాయె. కొడుకునీ తీసకపోతావా తల్లీ?" అంది ఈరక్క.

అప్పుడు హేమావతికి తట్టింది. 6:20కి ఈరక్క గుమ్మం దాటింది. ఆ ఫొటో కూడా లేదు!

గిరి రాత్రి ఆపి, మళ్లీ పెట్టి ఉంటే తల్లి ఫొటో పడాలి. అంటే కెమెరాను క్లిక్ మనిపించే ట్రిగ్గర్ పొద్దున కూడా చచ్చే ఉంది.

హేమావతి వైర్ల వెంట వేలు పోనిచ్చింది. చూరు కింద గడ్డలా ఉబ్బిన ఓ అతుకు. సైకిల్ ట్యూబు ముక్క బిగించి చుట్టి, పైన టేపు.

"ఈడ అతుకే లేదు మేడం. నేనైతే టేపు చుట్టను, సోల్డరింగ్ చేస్తా," అన్నాడు గిరి.

ఆమె అతుకు విప్పింది. గ్రౌండ్ వైరు, షట్టర్ నొక్కే వైరు తారుమారు.

"తిమ్మరాజూ, మోటారు మూడు వైర్లలో రెండు తారుమారైతే?"

"ఏంగాదు మేడం. ఎదురు తిరుగుతాది. మార్చుకుంటాం."

"కెమెరా అయితే మూగబోతుంది. నీకది తెలీదు. నీళ్లలోకి దించే కేబుల్‌కు చుట్టే ట్యూబు, గోడ మీది సన్న తీగకు ఎందుకయ్యా? తెంపి వదిలేస్తే బయటి దొంగ అనుకునేవాళ్లం. గిరి మీదికి నెట్టాలని అతికించావు. నీ చేతి అలవాటే నిన్ను పట్టిచ్చింది."

అతని సంచిలో అదే ట్యూబు మిగిలిన ముక్క దొరికింది. పైపు రెంచి మరలో ఎండిన రక్తం.

తిమ్మరాజు ఒప్పుకున్నాడు. "బయట వైర్లు తెంపే లోపలికి పోయినా. కేబుల్ కోస్తాంటే లేచినాడు. తీసకపోరా, నోరెత్తను అన్నాడు. అయినా ఫొటో పడిందేమోనని అనుమానమొచ్చి కెమెరా పీకబోయినా. నా కొడుకుది, ముట్టొద్దు అని అడ్డం పడినాడు... కొట్టినాక చూస్తే దాంట్లో నా ఫొటోనే లేదు."

గిరి విప్పిన వైర్లను చేతిలోకి తీసుకున్నాడు.

"కేబుల్ పోతే పోనీ నాయనా, దొంగకు ఎదురుపోవద్దు అని చెప్పినా మేడం. కెమెరా పోతే పోనీ అని చెప్పలేదు."