ఆపరేషన్ ఫ్యాన్ స్విచ్

నదిలోంచి జీపును పైకి లాగేసరికి కౌరి చనిపోయి ఆరు గంటలైంది.

ఐస్‌లాండ్ రేడియో ఆ సాయంత్రం దాన్ని ప్రమాదమంది. మంచు కరిగి వచ్చే ఏట్లో, నడిమధ్యన ఇంజిన్ ఆగిపోయిందనీ, ప్రవాహం బండిని బోర్లించిందనీ చెప్పింది. చనిపోయినవాడు సీక్రెట్ ఏజెంట్ అని చెప్పలేదు. మరో సీక్రెట్ ఏజెంట్‌కి భర్త అని కూడా చెప్పలేదు. ఏజెంట్ ఓడ్నీ వంటింట్లో నిలబడి వార్తలు చివరిదాకా విని, రేడియో కట్టేసి, ఉడికిన బంగాళాదుంపల తొక్క తీసింది. ఏడుపు రాలేదు. పన్నెండు రోజులైనా రాలేదు.

పదమూడో రోజు పొద్దున ఫోన్ మోగింది.

"రొట్టె మాడిందా?"

"ఇంకా పొయ్యి మీదే ఉంది," అంది ఓడ్నీ.

"అయితే గ్యారేజీకి రా."

గ్యారేజీలో చీఫ్ ఇల్లుగి కోటు విప్పకుండానే బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"సముద్రం అడుగున జలాంతర్గాముల చప్పుడు వినే మన కేబుల్ మ్యాప్ పోయింది. దొంగలు దాన్ని మైక్రోఫిల్మ్‌కెక్కించారు. ఇవాళ మధ్యాహ్నం మూడింటికి దక్షిణాన నల్ల ఇసుక బీచ్‌కి దానికోసం ఒక రబ్బరు పడవ వస్తుంది. మూడు దాటితే సెకను కూడా ఆగదు. ఫిల్మ్ తెచ్చే కొరియర్ ముఖం మన డబుల్ ఏజెంట్ స్వాలాకి తెలుసట. నీతో వస్తుంది. మనవాళ్ళు వంతెన మీదుగా చుట్టు తిరిగి ఏటి అవతల కొండ మీదికి చేరారు. మీరు అక్కడికి వెళ్ళండి. ఆవిడ చూపిస్తుంది, మనం పట్టుకుంటాం."

"కౌరి పోయిన ఏరేనా?"

"అదే." చీఫ్ కళ్ళు దించుకున్నాడు. "కాదంటే వేరేవాళ్ళని పంపిస్తాను."

"అక్కర్లేదు," అంది. ఏ భావమూ కలగలేదు. అది తనకే వింతగా అనిపించింది.

ఆయన వెళ్ళాక మెకానిక్ గిస్సూర్ జీపు కింది నుంచి బయటికొచ్చాడు. డిపార్ట్‌మెంట్ బండ్లన్నీ ముప్ఫై ఏళ్ళుగా ఆ ముసలాయన చేతిమీదే నడుస్తున్నాయి.

"కౌరి బండి విప్పి చూశానమ్మాయ్. ఫ్యాన్ తిరుగుతుండగా నీళ్ళలోకి దిగితే రెక్కలు వంగి రేడియేటర్‌ని కోసేస్తాయి. అందుకే వాడు ఏరు దాటేముందు, వేడెక్కితే ఫ్యాన్‌ని తిప్పే సెన్సర్ ప్లగ్ పీకేసేవాడు. ఆ రోజూ పీకాడు. కానీ బ్యాటరీ నుంచి ఫ్యాన్‌కి ఎవరో ఇంకో వైరు దొంగచాటుగా కలిపారు. ఏటి హోరులో ఫ్యాన్ తిరుగుతున్న సంగతి వాడికి వినపడి ఉండదు."

"ఎవరు?"

"తెలీదు. మన గ్యారేజీలో కాఫీ తాగే వాళ్ళలోనే ఎవరో." ఆయన డ్యాష్‌బోర్డు మీది కొత్త స్విచ్ చూపించాడు. "పైకి ఆన్, మధ్యలో ఆఫ్, కిందికి ఆటో, అంటే వేడెక్కితే దానంతటదే తిరుగుతుంది. ఎర్ర లైటు కూడా వెలుగుతుంది. బాగుందా? ఉత్తుత్తిది, ఆ దొంగని ఏమార్చడానికి. వైర్లు ఆ లైటు దాకానే. అసలు స్విచ్ నీ సీటు కింద ఉంది. సెన్సర్ నుంచి ఫ్యాన్‌కి వెళ్ళే వైరు కోసి దాన్ని మధ్యలో కలిపాను. నీళ్ళలో ఆఫ్. ఒడ్డెక్కగానే ఆటో. మరిచిపోయావో, ఇసుకలో ఎనిమిది నిమిషాలకి ఇంజిన్ ఉడికిపోతుంది."

"ఎవరికి తెలుసు?"

"నీకూ నాకూ."

స్వాలా ఎర్ర లెదర్ కోటులో, నల్లకళ్ళద్దాలతో వచ్చి జీపెక్కింది. రేడియోలో వార్తలు చదివే గొంతు ఆమెది. కౌరి చావు వార్త చదివిందీ ఆమే. విదేశీ ముఠాకి పనిచేస్తున్నట్టు నటిస్తూ వాళ్ళ గుట్టు డిపార్ట్‌మెంట్‌కి చేరవేసే డబుల్ ఏజెంట్. సెంటు వాసన జీపంతా పాకింది.

"ఏమే, తిన్నావా అసలు?" అంటూ పొగబెట్టిన గొర్రెమాంసం పెట్టిన రొట్టె చేతిలో పెట్టింది. "ఎంత చిక్కిపోయావో చూడు."

ఓడ్నీ తింది. రుచి తెలియలేదు.

రెండూ నలభైకి ఏరు వచ్చింది. నీళ్ళు సిమెంటు రంగులో ఉరకలేస్తున్నాయి. ఓడ్నీ డ్యాష్‌బోర్డు స్విచ్ మధ్యకి నొక్కింది. సీటు సర్దుకుంటున్నట్టు వంగి అసలుది కూడా ఆపింది. జీపు దిగింది. నీళ్ళు తలుపుల సగం దాకా వచ్చాయి.

స్వాలా కిటికీలోంచి ప్రవాహం కేసి చూస్తూ మెల్లగా అంది, "పాపం కౌరి. ఆ బండరాయి దగ్గర... చెయ్యి కూడా ఊపాడు."

ఓడ్నీ స్టీరింగ్ వదల్లేదు. ఆ రోజంతా స్టూడియో దాటలేదని స్వాలాయే చెప్పింది. స్మశానంలో, ఓడ్నీ భుజం మీద తలపెట్టి మరీ చెప్పింది.

జీపు ఒడ్డెక్కింది. ఓడ్నీ చెయ్యి సీటు కిందికి పోలేదు.

"మరిచిపోయావు," అని స్వాలా నవ్వి డ్యాష్‌బోర్డు స్విచ్ పైకి వేసింది. ఎర్ర లైటు వెలిగింది.

దారి చీలిన చోట ఓడ్నీ కొండ వైపు తిప్పబోయింది. పక్కటెముకల్లో చల్లగా ఏదో గుచ్చుకుంది. చిన్న పిస్టల్.

"తిన్నగా పోనీ. బీచ్‌కి."

"కొరియర్‌వి నువ్వేనన్నమాట."

"అంత తీరిగ్గా అంటావేమే?"

"ఎలా అనాలి?"

స్వాలా వైర్‌లెస్ సెట్‌ని పిస్టల్‌తో పేల్చేసింది. జీపు లో గేర్‌లో, మెత్తని నల్ల ఇసుకలో, వెనకగాలికి మూలుగుతూ సాగింది. టెంపరేచర్ ముల్లు లేచింది. సగం దాటింది. ఓడ్నీ దాన్నే చూస్తూ నడిపింది, బస్సు కోసం చూస్తున్న మనిషిలా.

ముల్లు ఎరుపులోకి వెళ్ళింది.

"ఫ్యాన్ ఆన్‌లోనే ఉందిగా!" స్వాలా స్విచ్‌ని కిందికీ పైకీ టకటకా కొట్టింది. "ఏం చేశావే?"

"ఏమీ చెయ్యలేదు," అంది ఓడ్నీ. అది నిజమే.

బానెట్ కింది నుంచి ఆవిరి బుసకొట్టింది. ఇంజిన్ ఒక్కసారి దగ్గి ఆగిపోయింది. టైము రెండూ యాభై రెండు. సముద్రం ఇంకా మైలు దూరం. స్వాలా తిట్టుకుంటూ దిగి, మడమల బూట్లు విసిరేసి పరుగెత్తింది. ఓడ్నీ వెనకే నడిచింది. పరుగెత్తాలనిపించలేదు.

అలల్లో రబ్బరు పడవ కనిపించింది. స్వాలా అరిచింది, కోటు విప్పి ఊపింది. యాభై గజాలుండగా మూడైంది. పడవ మోటారు గర్జించి, మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది.

ఓడ్నీ దగ్గరికి వెళ్ళేసరికి స్వాలా తడి ఇసుకలో కూర్చుని పిస్టల్ ఎత్తింది. ఓడ్నీ ఆగలేదు. చెయ్యి చాపింది. పడవ లేదు, బండి లేదు, పారిపోవడానికి దారి లేదు. పిస్టల్ నెమ్మదిగా కిందికి దిగింది. స్వాలా లిప్‌స్టిక్ గొట్టం తీసి ఆ అరచేతిలో పెట్టింది. మైక్రోఫిల్మ్ అందులోనే ఉంది.

"ఎందుకు ఊపాడు చెయ్యి?" అడిగింది ఓడ్నీ.

"ఫోటో తీస్తానని దిగిపోయాను. ఫోటో కోసం ఊపాడు... నవ్వుతూ."

ఓడ్నీ తలూపింది. కాళ్ళు తడుస్తున్నాయని కాసేపటికి తెలిసింది. ముఖం కూడా తడిగా ఉంది. గాలికి తుంపర్లు వచ్చి పడ్డాయేమో, పడలేదేమో.

ఎదురుచూసి విసిగిన చీఫ్ మనుషులు నాలుగింటికి కొండ దిగి వచ్చి స్వాలాని తీసుకెళ్ళారు.

మర్నాడు గిస్సూర్ మాడిపోయిన ఇంజిన్‌ని ఓసారి తట్టి, డిపార్ట్‌మెంట్ ఫారం ఆమె ముందు పెట్టాడు. 'వాహనం పాడవడానికి కారణం' అన్న గడిలో ఓడ్నీ నీటుగా రాసింది: డ్రైవర్ మతిమరుపు.