ఆట గుమ్మం బయటే

ఆగస్టు వచ్చేసరికి ఆ ఇంట్లో ఎవరి మొహంలోనూ జీవం ఉండదు. ఆ శనివారం పొద్దున కూడా అంతే. రాత్రంతా బస్సులో కూచుని తెల్లారి ఊరు చేరిన రస్, పళ్ళెంలో గుడ్లు పెట్టుకుని, తినడం మర్చిపోయి వాటికేసే చూస్తున్నాడు. కార్వర్స్ బెండ్ ఊరి బేస్‌బాల్ టీముకి అతను మేనేజరు. టీము పట్టికలో అడుగున ఉంది. మే నెల నుంచీ అక్కడే ఉంది.

అతని భార్య మార్లీన్ పొయ్యి దగ్గర నిలబడింది. ఆమె తల్లి ఓల్గా బల్ల దగ్గర కూచుని క్యాబేజీ తరుగుతోంది. మార్లీన్ తమ్ముడు డ్వేన్ అదే టీములో పిచ్చరు, అంటే బంతి విసిరేవాడు. ముప్ఫై రెండేళ్ళవాడు. ఆ పనిలో అది ముసలితనం. పెళ్ళాం వదిలేసి పోయాక అక్కగారింట్లో మేడ మీద గదిలో ఉంటున్నాడు.

టీవీలో కనపడే టీములు వేరు, ఇది వేరు. చూసేవాళ్ళు దీన్ని ఆట అంటారు. బస్సులో తిని, బస్సులో పడుకుని, వారంలో ఆరు రోజులు మైదానంలో నిలబడేవాడికి అది షిఫ్టు. ఉక్కు మిల్లు మూతపడ్డాక ఆ ఊళ్ళో మిగిలిన షిఫ్టు అదొక్కటే.

ఇంట్లో ఒక కట్టుబాటుంది. టీము సంగతులు గుమ్మం బయటే. పెట్టింది మార్లీనే. డ్వేన్ టీములో చేరిన ఏడాది, జూలై నాలుగు స్వాతంత్ర్య దినం పండగ భోజనాల దగ్గర బావా బామ్మర్దులు ఒకరి కాలరు ఒకరు పట్టుకున్నారు. "నా వంటింట్లో ఇంకోసారి బంతి అన్నమాట వినపడితే ఇద్దరినీ గెంటేస్తాను" అందామె. ఆ తర్వాత ఇల్లు ప్రశాంతంగా ఉంది. అందరూ మార్లీన్ తెలివిని మెచ్చుకున్నారు. ఆమె కూడా తనని తాను మెచ్చుకుంది.

"ఒరే, ఆ పై అరలో పెద్ద గిన్నె తియ్యరా. ఈ క్యాబేజీ హలుష్కీ కలపడానికి ఇది చాలదు" అంది ఓల్గా.

డ్వేన్ లేచాడు. చెయ్యి చాస్తే ఇంటి పైకప్పు తగిలే మనిషి. కుర్చీ జరుపుకుని, దాని మీదకెక్కాడు. మొహం అరకి సూటిగా వచ్చాక, మోచెయ్యి డొక్కకి ఆనించి, గిన్నెని గుండెకి హత్తుకుని దిగాడు.

ఓల్గా పకపకా నవ్వింది. "కరెంటు స్తంభంలా ఉన్నావు, నీకు కుర్చీ ఎందుకురా?"

"బస్సులో మెడ పట్టేసిందమ్మా."

మార్లీన్ నవ్వలేదు. కొన్నాళ్ళుగా ఆమె చూస్తూనే ఉంది. కుడిచేతివాడు ఎడంచేత్తో గడ్డం గీసుకుంటున్నాడు, గీసుకున్నప్పుడల్లా తెగుతోంది. చొక్కా తొడుక్కోవడానికి మంచం మీద పడుకుంటున్నాడు. అడగాలని నోటిదాకా వచ్చేది. అడిగితే టీము సంగతి అవుతుంది. మింగేసేది.

మొగుడికేసి చూసింది. అతనూ నవ్వలేదు. గుడ్లకేసే చూస్తున్నాడు. మైదానం అవతలి కొసన ఎవడి మడమ ఎటు తిరిగిందో ఇవతలి కొస నుంచి చెప్పే మనిషి, తన వంటింట్లో అంత పొడుగువాడు కుర్చీ ఎక్కితే చూడలేదా?

"రస్," అందామె, "వాడి చెయ్యి లేవట్లేదు."

ఓల్గా చేతిలో కత్తి ఆగింది.

"నీకేమైనా పిచ్చా అక్కా?" అన్నాడు డ్వేన్. "ఇంట్లో ఆ మాటలు వద్దన్నది నువ్వే."

"ఎత్తు చూద్దాం. పైకప్పుకున్న ఆ దీపాన్ని ముట్టుకో."

"నేనేమన్నా కోతినా, ఆడించడానికి?"

"పొద్దున్నే ఏంటే నీ గోల!" ఓల్గా కసిరింది. "ఇవాళ సాయంత్రం వాడి ఆట. ఊళ్ళో ప్రతి కొట్టు అద్దానికీ వాడి బొమ్మ అంటించారు. మీ నాన్నకి నడుం విరిగినంత పనైనా ఒక్క షిఫ్టు మానలేదు."

"అందుకే యాభై రెండేళ్ళకి పోయాడు. మిల్లు వాడు పూలదండ పంపాడు. ఎంత బావుందో కదమ్మా దండ!"

ఓల్గా మళ్ళీ క్యాబేజీ మీదకి వంగింది. మార్లీన్ కళ్ళు మాత్రం రస్‌ని వదల్లేదు. అతని మొహంలో ఆశ్చర్యం లేదు.

"నీకు తెలుసు."

అతను పళ్ళెం పక్కకి నెట్టాడు. "తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"జూన్ నుంచి. బంతి వేగం పడిపోయింది. ఆట అయ్యాక అందరూ స్నానానికెళితే వీడొక్కడే కూచుంటున్నాడు, చొక్కా విప్పలేక." రస్ రెండు చేతుల్తో మొహం రుద్దుకున్నాడు. "ఏం చెయ్యమంటావు? మిగతా పిచ్చర్లలో ఒకడి మోకాలు పోయింది, ఒకడు పెట్టె సర్దుకుని ఇంటికెళ్ళిపోయాడు. ఉన్న కుర్రాడు విసిరితే, అవతలివాళ్ళు కొట్టే దెబ్బకి బంతి గోడ అవతలే దొరుకుతుంది. రోజూ టీము ఓనరు ఫోను. మన డ్వేన్ ఆడుతున్నాడంటేనే జనం వస్తారంటాడు. మన డ్వేన్, మన డ్వేన్... వాడి సొంత గుర్రంలా."

"గుర్రమైతే జబ్బు చేసినప్పుడు కొట్టంలో ఉంచేవాడు" అంది మార్లీన్. "నువ్వేం చేశావు? తెలిసీ వాడి చేతికి బంతి ఇచ్చావు."

"ఇచ్చాను."

"ఇంటికొచ్చి నాకొక్క మాట చెప్పలేదు."

"చెప్పొద్దన్నది నువ్వే కదా!" అన్నాడు రస్. "ఆ కట్టుబాటు నాకు బాగా పనికొచ్చింది మార్లీన్. అబద్ధం చెప్పను. గుమ్మం దాటగానే నేను మేనేజర్ని కాదు, వీడు పిచ్చరు కాదు. గుడ్లు తిని పడుకోవచ్చు."

ఇంతసేపూ డ్వేన్ గిన్నె పట్టుకునే నిలబడి ఉన్నాడు. ఇప్పుడు దాన్ని మెల్లిగా బల్ల మీద పెట్టాడు.

"నేను బాగా దాచాననుకున్నాను బావా" అన్నాడు. గొంతులో కోపం లేదు, అలసటే. "ఆడిన ప్రతిసారీ బంతి ఇచ్చేటప్పుడు నీ మొహం చూసేవాణ్ణి. ఇవాళ అడుగుతాడు, అడిగితే చెప్పేద్దాం అనుకునేవాణ్ణి. నువ్వు వీపు తట్టి వెళ్ళిపోయేవాడివి. సరే, ఈయనకేం తెలీదు, ఇంకో ఆట లాగుదాం అనుకునేవాణ్ణి." అక్క వైపు తిరిగాడు. "నువ్వూ చూశావన్నమాట. గడ్డం తెగినప్పుడల్లా దూది ఇచ్చావు. ఎందుకు తెగిందని అడగలేదు."

మార్లీన్, తమ్ముడు ఎక్కిన కుర్చీలోనే కూలబడింది. ఇంటికి కాపలా అనుకుని తను గోడ కట్టింది. మొగుడు అటు చూశాడు, తను ఇటు చూసింది, మధ్యలో వీడు. ముగ్గురూ ఒకే బల్ల దగ్గర తిన్నారు.

"తప్పు నాదేరా" అంది. కన్నీళ్ళు తుడుచుకోలేదు. "గొడవ పడితే పడనీ అనుకోవాల్సింది. గొడవ పడే ఇల్లే నయం."

రస్ లేచి గోడకున్న ఫోను తీసి ఓనరుకి చేశాడు.

"నేను. ఇవాళ డ్వేన్ ఆడడు... లేదు, రేపు కూడా ఆడడు. చెయ్యి పోయింది... జూన్‌లోనే పోయింది, నేనే చెప్పలేదు... టిక్కెట్లు అమ్మేశావని నాకూ తెలుసు." అవతలి అరుపు వంటింట్లో అందరికీ వినపడింది. "అలాగైతే నన్ను కూడా తీసెయ్. తీసేసేదాకా నేనే మేనేజర్ని. వాణ్ణి ఆడించను."

ఫోను పెట్టేశాడు. ఉద్యోగం ఉందో పోయిందో ఎవరికీ తెలీదు.

"మరి ఎవర్ని దింపుతావు అల్లుడూ?" అంది ఓల్గా, తలెత్తకుండా.

"అదే తెలీట్లేదత్తా." రస్ మళ్ళీ వచ్చి కూచున్నాడు. "డ్వేన్, నువ్వే చెప్పు."

డ్వేన్ అక్కవైపు చూశాడు. ఆమె తల ఊపింది.

"ఆ కుర్రాణ్ణే దింపు" అన్నాడు.

"వాడా? ఊరవతలకి కొట్టిస్తాడు!"

"ఓడిపోవడం మనకేమన్నా కొత్తా బావా? వాడికి వేగముంది. బంతి వదిలేటప్పుడు మోచెయ్యి దించేస్తున్నాడు, అంతే. నేను చెబితే వినడు, సిగ్గుపడతాడు. నువ్వు చెబితే వణికిపోతాడు."

"అయితే నా చేత చెప్పించండి" అంది ఓల్గా. "కుదురుగా వెయ్యకపోతే అన్నం పెట్టనని చెబుతాను."

రస్ నవ్వబోయాడు, దగ్గొచ్చింది. డ్వేన్ ఇంకో కుర్చీ లాక్కుని కూచున్నాడు. ఇద్దరూ ఒకరి మాట మీద ఇంకొకరు పడుతూ వాదించుకుంటున్నారు, ఆ పండగనాడు అరుచుకున్నట్టే. మార్లీన్ అడ్డుపడలేదు. పొయ్యి మీద ఉల్లిపాయలు మాడుతున్నా లేవలేదు.

"అలా కాదు బావా, చూడు, మోచెయ్యి ఇక్కడుండాలి" అంటూ డ్వేన్ కుడిచెయ్యి ఎత్తబోయాడు.

భుజం దాకా రాలేదు. గాల్లోనే ఆగిపోయింది. ఈసారి మెడ అనలేదు, బస్సు అనలేదు. చిన్నప్పుడు సైకిలు మీంచి పడి వచ్చినప్పుడు చూసినట్టే అక్క మొహంలోకి చూశాడు.

"నొప్పిగా ఉందే" అన్నాడు. "చాలా నొప్పిగా ఉందే అక్కా."

మార్లీన్ లేచి వెళ్ళి ఆ చేతిని కింద నుంచి పట్టుకుంది. రస్ ఇంకో వైపు నుంచి వచ్చి పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి దాన్ని మెల్లిగా కిందికి దించారు.