రాతి గిన్నెలో ఉప్పు

షార్జా ఇండస్ట్రియల్ ఏరియా చివర, లేబర్ క్యాంపు ముందున్న చిన్న పార్కులో ఉప్పమ్మ ఉంది. చీకటి పడితే అటు తెలుగువాడన్నవాడు పోడు.

నిజానికి ఆవిడ ఉప్పమ్మేమీ కాదు. రష్యా, ఉక్రెయిన్, పోలండ్ వైపు స్లావ్ జాతుల సంస్కృతికి గుర్తుగా నిలబెట్టిన రాతి బొమ్మ. తలకు రుమాలు, చేతుల్లో రొట్టె, దాని మీద ఉప్పు గిన్నె. వాళ్ళ దేశాల్లో అతిథికి స్వాగతం అలాగే చెబుతారట. ఆ ముక్క కింద పలక మీద చెక్కారు కూడా. చదివేదెవరు? మనవాళ్ళకు కనిపించింది ఒకటే — నాలుగు దారులు కలిసేచోట, ఉప్పు చేతబట్టుకుని నిలబడ్డ ఆడమనిషి! చేతికి ఉప్పిస్తేనే తగాదా. ఇక దిష్టి తీసిన ఉప్పయితే...?

దానికి తగ్గట్టు, రోజూ పొద్దున ఆ రాతి గిన్నెలో నిజం ఉప్పు కనపడేది.

ఎత్తిపోసే పని పార్కు ఊడ్చే పోశయ్యది. సూపర్‌వైజర్ మూర్తికి ఆ ఉప్పు మాటెత్తితే ఒళ్ళు మంట.

"చదువూ సంధ్యా లేని మంద! దుబాయ్ వచ్చినా దెయ్యాలేనా? రేపు ఒక్క రవ్వ కనపడిందో, నీ లీవు ఖలాస్!"

లీవంటే మాటలా? పోశయ్యకు కూతురు పుట్టింది, నడక కూడా నేర్చింది. దానికి నాన్నంటే ఇంకా ఫోనే.

ఆ రాత్రి పోశయ్య ఖర్జూరచెట్టు వెనక నక్కాడు. బొమ్మ నీడ కదిలింది... కాదు — దాని పక్కన ఇంకో నీడ!

"ఇరుగు దిష్టి... పొరుగు దిష్టి... క్యాంపు దిష్టి..."

థూ. థూ.

"లీవడిగిన పోశయ్య దిష్టి..."

తన పేరు! పోశయ్య కాళ్ళు పరిగెత్తమన్నాయి, కూతురు ఆపింది. ఫోన్ లైటు వేశాడు.

మూర్తి సార్! తల చుట్టూ తిప్పుతున్న గుప్పిటలోంచి ఉప్పంతా నేల రాలింది.

"ఒరేయ్... ఎవరితోనూ అనకు. అందరి కళ్ళూ నా మీదే కదరా..."

పోశయ్యకు భయం పోయి కడుపు మండింది.

"గిన్ని దినాలు నా దిష్టి నా చేతులతోనే ఎత్తిపిచ్చిన్రా సారూ?"

"లీవు... పొద్దున్నే సంతకం పెడతా."

"పెట్టుండ్రి. చీపురు ఈడ్నే ఉంది. నేనొచ్చేదాంక మీరే ఊడ్వుండ్రి."

తెల్లారి, సంతకమైన కాగితం జేబులో పెట్టుకుని పోశయ్య అటు చూశాడు. ఉప్పమ్మ ముందు చీపురు పట్టుకుని మూర్తి సార్ కొయ్యబారిపోయి ఉన్నాడు. రాత్రి ఆయన ఉప్పంతా నేలపాలయింది కదా...

గిన్నె మళ్ళీ నిండుగా ఉంది.