గారు పెట్టి రాసిన మెసేజి

జోగేశ్వరరావు కొంప ముంచినవాడు వినయ్. బయటివాడు కూడా కాదు, భార్య వెంకటదుర్గకి స్వయానా అన్న కొడుకు. "కంపెనీలు మన మాటలు అమ్ముకు తింటున్నాయి మావయ్యా. ఇది ఏ కంపెనీదీ కాదు. ఎవరి సర్వర్ వాళ్ళదే, మనవాళ్ళది నేను చూసుకుంటా" అని నిడదవోలులో చుట్టాలందరి ఫోన్లలోనూ ఓ మెసేజీల యాప్ ఎక్కించాడు.

ఆ ఉదయం జోగేశ్వరరావు కాఫీ తాగుతుండగా వదిన నాగరత్నం గుమ్మంలోకి వచ్చింది. అన్న జగన్నాథరావు గుండెనొప్పితో రాజమండ్రి ఆసుపత్రిలో ఉన్నాడు. ఆయన బట్టల కోసం ఆవిడ తొలి బండికి వచ్చింది. కాలువ పక్క పొలంలో తన వాటా తమ్ముడికే అమ్మి వైద్యం చేయించుకుందామని అన్న ఆలోచన. ఆ ముక్కలోంచే జోగేశ్వరరావు చేలోకి నీళ్ళు రావాలి.

"రండి వదినా, కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదు మరిదిగారూ." ఆవిడ భర్త ఫోను తీసి గట్టిగా చదివింది. "'జగన్నాథరావు గారికి డబ్బు అర్జంటు. మనం తొందరపడొద్దు దుర్గా. మంచం దిగేలోపు సగం ధరకి దించుతాను.' అన్నగారికి గారు పెట్టావు. మర్యాదకేం లోటు లేదు!"

వెంకటదుర్గ ముఖం పాలిపోయింది. మొన్న మరిడమ్మ జాతరకి పెద్దాపురం పుట్టింటికి వెళ్ళినప్పుడు భర్త తనకి రాసిన మాటలవి. "నా ఒక్కదానికే కదండీ పంపారు?"

"వాడే!" అన్నాడు జోగేశ్వరరావు. "ఆ వినయ్‌గాడే చూపించాడు. ఛీ!"

కబురందుకుని వినయ్ వచ్చాడు. "నేను చూడలేదు మావయ్యా. ఇందులో ఎవరి ఖాతా పేరు మెసేజి లోపల రాస్తే వాళ్ళకీ ఆ మెసేజి వెళ్తుంది. ఆ సంగతి తెర మీద పైనే రాసుంటుంది."

"అన్నయ్యని ఒట్టి పేరుతో ఎలా రాస్తాన్రా? 'జ' కొట్టగానే ఫొటోతో సహా గారు ఉన్న పేరొచ్చింది. అదే నొక్కాను."

"అదే ఆయన ఖాతా."

"అయితే చెరిపెయ్!"

"మన దగ్గర చెరిపేశా. ఆయన ఖాతా మాత్రం వాళ్ళమ్మాయి కాలేజీవాళ్ళ సర్వర్లో ఉంది. చెరపమని అడుగుతాం, చెరపడం వాళ్ళిష్టం."

"తూ! దీనికన్నా ఆ కంపెనీ దొంగలే నయం."

"ఎందుకయ్యా కుర్రాణ్ణి తిడతావు?" అంది నాగరత్నం. "రాసిన చెయ్యి నీది కాదూ? ఆయన చదివి ఏమన్నారో తెలుసా? 'పాపం, జోగికి డబ్బు కుదరలేదేమో. నేనే ధర ఎక్కువ చెప్పానేమోనే' అన్నారు."

జోగేశ్వరరావు నోట్లో కాఫీ చేదెక్కింది. లేచి పెరట్లోకి వెళ్ళి ఉమ్మేశాడు. చేదు పోలేదు. అసహ్యం వేసింది, ఈసారి వినయ్ మీద కాదు.

మధ్యాహ్నానికి ఆసుపత్రిలో అన్న మంచం పక్కన నిలబడ్డాడు.  జగన్నాథరావే చెయ్యి చాచి, "భోంచేశావట్రా?" అన్నాడు.

అంతే, ఆ చేతిలో ముఖం దాచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "అన్నయ్యా, నువ్వు చెప్పిన ధరే ఇస్తాను."

"నిన్ననే పక్క చేను సురేంద్ర బయానా ఇచ్చేశాడురా. నిన్ను ఇబ్బంది పెట్టడం ఎందుకని సరేనన్నాను. నీ నీళ్ళకి అడ్డు రావద్దని అతనికి చెప్పానులే."

అన్న ఇంకా తనతో మాట్లాడుతున్నాడు, అది చాలు. పొలం మాత్రం పోయింది: తాతల నాటిది, కాలువ పక్కది, ముప్పయ్యేడు సెంట్లు.